ఎడమ చెవి గాటు

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నిజామాబాద్‌లో రిటైరై కూర్చున్న ముసలి డాక్టరు దగ్గర పాత కబుర్లు దొరుకుతాయని ఎవరో చెప్పి ఉంటారు. టీ తాగి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు: "సార్, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏది?" దూడ అడ్డం తిరిగి ఈనలేకపోయిన బర్రెల గురించీ, గాలికుంటు వ్యాధి వచ్చిన ఏడాది గురించీ నాలుగు మాటలు చెప్పి పంపేస్తాను. అసలు సంగతి చెప్పను. విజ్ఞాన శాస్త్రానికి నేను చేసిన ఏకైక సేవ పద్నాలుగు మేకల ఎడమ చెవులకు గాటు పెట్టడం. ఇన్నాళ్లకు అది రాయాలనిపించింది. చదివి నవ్వుకోండి, నాకేం బాధ లేదు. నవ్వడం అయ్యాక మాత్రం ఒక్క నిమిషం ఆగండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బోధన్ దగ్గర పశువుల దవాఖానాలో పనిచేస్తున్నాను. చుట్టూ చెరుకు. ఊరి బయట మూతపడిన బెల్లం గానుగ షెడ్డు ఒకటుండేది. హైదరాబాద్ నుంచి ఒక మందుల కంపెనీ వచ్చి దాన్ని తీసుకుని, కంచె వేసి, అందులో మేకలు పెట్టింది. చూడటానికి మామూలు మేకలే. కొందరికి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టదు. చిన్న దెబ్బ తగిలినా ఆగదు, మోకాళ్లలో రక్తం చేరి వాచిపోతుంది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం తయారుచేసే మనిషి జీన్‌ను మేక పిండంలో పెడితే, పుట్టిన మేక పాలలో ఆ పదార్థం వస్తుందనీ, పాల నుంచి మందు తీయవచ్చనీ కంపెనీ ఆశ. ఆ పని ఎక్కడో పెద్ద ప్రయోగశాలలో అయిపోయింది. పెంచడం, పాలు పిండి పరీక్షకు పంపడం మా ఊళ్లో. పదకొండు ఆడమేకలు, మూడు పోతులు.

జంతువుల మీద ప్రయోగం చేయాలంటే నైతిక కమిటీ ఉండాలని నిబంధన. మా కమిటీలో కంపెనీ డైరెక్టరు, ఒక కుర్ర శాస్త్రవేత్త, పశువైద్యుడిగా నేను, ఇంకా 'సామాజిక స్పృహ గల సభ్యుడు' ఒకరు. ఆ నాలుగో కుర్చీకి మనిషి కోసం బోధన్ అంతా వెతికితే ఒక బట్టల వ్యాపారి దొరికాడు. ఉల్లిగడ్డ కూడా ముట్టని మనిషి. మేకల చావుబతుకుల మీద సంతకం పెట్టడానికి అంతకంటే తగినవాడు ఉండడని మేం అనుకున్నాం.

మీటింగంటే పావుగంట. మిరపకాయ బజ్జీలు వచ్చేలోపు ఫారం నింపేయాలి. అందులో ఒక గడి ఉండేది. జంతువుకు కలిగే బాధ: లేదు, స్వల్పం, తీవ్రం. 'లేదు' అని రాస్తే పైవాళ్లు నమ్మరు. 'తీవ్రం' అని రాస్తే ప్రశ్నలు వేస్తారు. అందుకని ప్రతిసారీ 'స్వల్పం' దగ్గర టిక్కు. మొదటి మీటింగులో వ్యాపారి బజ్జీ పట్టుకుని అడిగాడు.

"బాధ స్వల్పమే అని మీకెట్ల తెల్సు, డాక్టర్ సాబ్?"

"మీ దుకాన్ల బట్ట మెత్తగున్నదని మీరంటే గిరాకి నమ్ముతలేడా సేట్? గట్లనే," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి సంతకం పెట్టాడు. మంచి జవాబు చెప్పానని ఆ రోజంతా నాకు హుషారుగా ఉంది.

మేకలను చూసుకోవడానికి ఆ ఊరి ఆమెనే పెట్టుకున్నారు. నలభై ఏళ్లుంటాయి. అంతకుముందు బీడీలు చుట్టేది. బీడీల పనిలో చెయ్యి మంచిగా సాగుతున్నా మానేసి, పేడ ఎత్తే పనికి ఎందుకొచ్చిందో మొదట్లో నాకు అర్థం కాలేదు. ఆమె తమ్ముడికి ఆ రక్తం జబ్బే ఉంది. మోకాళ్లు వాచి, గడప దాటలేక, ఇంట్లోనే కూర్చుని బీడీలు చుడుతుంటాడు. మందు ఈ మేకల పాలలో వస్తుందని విని, మందు పుట్టే చోటే ఉంటే ముందు తన తమ్ముడికే దొరుకుతుందని వచ్చింది. అలా జరగదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కంపెనీ మేకలకు నంబర్లు ఇస్తే ఆమె పేర్లు పెట్టింది. మనుషుల పేర్లు ఇక్కడ రాయకూడదనుకున్నాను కానీ మేకల పేర్లు రాస్తే ఎవరూ కోర్టుకు పోరు. పుల్లి, బొట్టుది, సవతి. సవతి అంటే, పక్కదాని గడ్డి తప్ప తన గడ్డి తినదు. పోతుల్లో పెద్దదానికి 'కరెంటు' అని పేరు. దగ్గరికి పోయినవాడినల్లా గుద్దేది. ఆమె పిలిస్తే మాత్రం వచ్చి కొంగు నమిలేది.

ఇక నా ఘనకార్యం. నంబర్లు రాసిన ప్లాస్టిక్ బిళ్లలు మేకల చెవులకు కుట్టి ఉండేవి. కంచెకు గీరుకుని చెవులు చీలుతున్నాయి, వానాకాలం పుండ్లలో పురుగులు పడుతున్నాయి. మీటింగులో నేను గొంతు సవరించుకుని, బిళ్లలు తీసేసి ఇక్కడి మందల కాపర్లు చేసినట్టు ఎడమ చెవికి ఒక గాటు పెడదామన్నాను. నొప్పి క్షణం, ఖర్చు లేదు, బయటి మేకల్లో కలిసినా గుర్తుపట్టవచ్చు. కాపర్ల మందల్లో అలాంటి గాట్లున్న మేకలను నేను చూశాను. ఎందుకు పెడతారని మాత్రం ఎన్నడూ అడగలేదు. 'స్థానిక పద్ధతిని అనుసరించాలని సభ్యుడు సూచించగా ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని మినిట్స్‌లో రాశారు. మూడేళ్ల మినిట్స్‌లో నా గురించి ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

గాట్లు పెట్టేరోజు ఆమె మేకలను పట్టుకుంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు సార్. కొయ్యిండ్రి, కొయ్యిండ్రి."

నెల తర్వాత చూస్తే మేకల నుదుళ్లకు పసుపు. గజ్జికి రాసిందేమో అనుకున్నాను. చెరుకులో కలుపు తీయడానికి పోయే ఆడవాళ్లు కంచె దగ్గర ఆగి చేతులు జోడించి పోతున్నారు. ఒకామె వేపమండ కూడా కట్టి పోయింది. డైరెక్టరు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఇదంతా చూసి పొంగిపోయాడు. 'ప్రయోగానికి స్థానిక ప్రజల ఆదరణ లభించింది' అని రిపోర్టులో రాసుకున్నాడు. ఆయన కారు వెళ్లిపోయాక ఆమెను అడిగాను.

"మీరే గద సార్ చెవి కోసిండ్రు," అంది. "మా దిక్కు ఎడమ చెవి కోసి ఇడిస్తే గది పోచమ్మది. దొంగ సుత ముట్టడు. పోతును ఇడుస్తరు గని, ఆడమేకల్ని సుత ఇడిసిండేంది గీ డాక్టర్ సాబ్ అని ఊరోళ్లంత ఒకటే నవ్వుడు."

ఇరవై ఏళ్ల సర్వీసు. మేకకు ఏయే రోగాలొస్తాయో నిద్రలో అడిగినా చెప్పగలను. మేక ఎవరిదో తెలుసుకోవాలని మాత్రం తట్టలేదు. వెంటనే కమిటీకి చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గు ఒక కారణం. రెండోది అంతకంటే హీనం. అంతకుముందు రెండుసార్లు కంచె కోసి మేకలను ఎత్తుకుపోవాలని చూశారు. గాట్లు పెట్టాక ఆ బాధ పోయింది. పోచమ్మ జీతం లేని కాపలా కాస్తుంటే నాకేం పోయిందని ఊరుకున్నాను.

తర్వాత ఒక ఉదయం కరెంటు మెడ నుంచి రక్తం తీస్తున్నాను. ఆమె దాని కొమ్ములు పట్టుకుని ఉంది.

"సార్, దీన్ని పోచమ్మకు మొక్కిన. మా తమ్మునికి మందొస్తే దీన్నే ఇస్త."

నా కళ్లు సిరంజి మీదున్నాయి. "మంచిదక్కా," అన్నాను.

ఆ మాట అన్నట్టు కూడా నాకు గుర్తులేదు. ఆమెకు గుర్తుంది. మా కమిటీ ఆ మూడేళ్లలో ఎన్నో అనుమతులు ఇచ్చింది, అన్నింటికీ కాగితాలున్నాయి. నిజంగా ఒక మనిషి అడిగి, ఒక మనిషి ఇచ్చిన అనుమతి ఆ ఒక్కటే. అది కూడా నేను చూడకుండా ఇచ్చాను.

మూడో ఏడు కంపెనీ ఆపేసింది. పాలలో పదార్థం వస్తోంది కానీ చాలినంత రావడం లేదు. ఇలాంటి మేకలను అమ్మకూడదు, విడిచిపెట్టకూడదు, వేరే మందలో కలపకూడదు, ఎవరూ తినకూడదు. చంపి, గుంతలో వేసి, సున్నం పోసి పూడ్చాలి. చివరి మీటింగులో వ్యాపారి కళ్లు మూసుకుని సంతకం పెట్టాడు. ఆ రోజు బజ్జీ ముట్టలేదు. బాధ: స్వల్పం. "లోకల్ వాళ్లకు మీరు నచ్చజెప్పండి, మీ మాట వింటారు," అని డైరెక్టరు ఆ పని నాకు అప్పగించి కారెక్కాడు.

షెడ్డు దగ్గరికి పోయి ఆమెకు చెప్పాను. ఎత్తుతున్న పేడ తట్ట కింద పెట్టింది. తర్వాత అడిగింది.

"మందు రాదా సార్?"

"రాదక్కా."

"సరే. మా తమ్ముని రాత. మరి గీటిని బొందల ఎందుకేస్తరు? కోసుకుంటే ఊరంత తింటది. కోసినా పాపం లేదు, తిన్నా పాపం లేదు. ఎవ్వలికి పెట్టకుంట మట్టిల కలుపుడు పాపం గాదా? పోనీ, కరెంటునొక్కదాన్ని ఇయ్యిండ్రి. మొక్కింది. పోచమ్మ ముంగట కోసి, తినకుంటనే బొందల పెడ్త. మొక్కు తప్పితే నా తమ్ముడు బతుకడు సార్."

"రూల్స్ ఒప్పుకోవక్కా."

"మొక్కిననాడు మంచిదన్నరు గద?"

జవాబు దొరకనప్పుడు నాబోటి వాళ్లు సైన్సు చెబుతారు. ఈ మేకల్లో మనిషిది ఒకటి కలిపారు, మనిషి ఒంట్లో ఉండే గుణాన్ని పిండంలోనే పెట్టారు, అందుకే మామూలు మేకల్లాగా చూడకూడదు అని చెప్పాను. ఆమె కరెంటు వైపు తిరిగి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"మనిషిదా? మూడేండ్ల సంది నాకెందుకు చెప్పలే?" అంది. "అయితే పోచమ్మకెట్ల ఇస్త? పోచమ్మ మనిషిని తింటదా?"

గెలిచాననుకున్నాను. ఆమె ఇంకా ఆపలేదు.

"మరి మనిషిదున్నదంటిరి. మనిషినైతే ఊకె బొందల ఏస్తరా సార్? ఎనుక ఎవ్వలు ఉంటరు? మూడొద్దుల నాడు పిట్టకు ఎవ్వలు పెడ్తరు?"

తినడానికి వస్తే మేక కాదు, పూడ్చడానికి వస్తే మనిషి కాదు. మూడేళ్లుగా మేం మీటింగులు పెట్టుకుని తప్పించుకున్న ప్రశ్నను ఆమె పేడ చేతులతో నా ముందు పెట్టింది. నేను గడియారం చూసుకుని లేచి వచ్చేశాను.

చంపాల్సిన రోజు పొద్దున్నే వెళ్లేసరికి ఆమె మేకలన్నిటికీ నీళ్లు పోసి, తుమ్మకాయలు పెట్టి, పసుపు రాసి ఉంచింది. వేరేవాళ్లను పట్టుకోమంటానన్నాను. "నా చేతులనే పోవాలె," అంది. ఒక్కొక్కదాన్నీ ఒళ్లోకి తీసుకుని మెడ నిమిరేది. నేను సూది వేసేవాడిని. అవి ఆమె చేతుల్లో భయపడలేదు. పదమూడు అలా పోయాయి. కరెంటును చివరికి ఉంచింది. మొదటి సూది సరిగ్గా ఎక్కలేదు. అది అరిచింది. అరుస్తూనే తల తిప్పి ఆమె కొంగు పట్టుకుంది. రెండో సూది వేసేదాకా ఆ కొంగు వదల్లేదు. ఫారం నా బ్యాగులోనే ఉంది, స్వల్పం అని ముందే టిక్కు పెట్టి. గోడ వెనక్కి వెళ్లి ఏడ్చాను. సర్వీసులో చాలా పశువులను చంపాల్సి వచ్చింది. ఏడ్చింది అప్పుడే.

మూడో రోజు కబురొచ్చింది, సారు రావాలని. ఎందుకో తెలిసే వెళ్లాను. గుంత మీద మోదుగాకు విస్తరిలో అన్నం, బెల్లం, గుప్పెడు తుమ్మకాయలు పెట్టి ఉన్నాయి. మా దిక్కు చనిపోయినవాళ్లకు మూడో రోజు ఇలా పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలిందని, అది తీరుస్తామని పైకి చెప్పాలి. కాకి షెడ్డు మీద కూర్చుంది, దిగడం లేదు. ఎండ ఎక్కుతోంది.

"మీరు చెప్పుండ్రి సార్," అంది. "గీటి గురించి మూడేండ్లు రాసింది మీరే గద. ఏం కోరికుండెనో మీకే ఎరుక."

నేను విస్తరి ముందు నిలబడ్డాను. నా వయసెంత, నా చదువెంత! ఎవరైనా చూస్తున్నారా అని చెరుకు వైపు కూడా ఒకసారి చూశాను.

"నాకెరుక లేదు," అన్నాను. "బాధ స్వల్పమని రాసిన. అడగలే, సూడలే. ఊకె రాసిన. తప్పయింది."

కాసేపటికి కాకి దిగింది. నా మాటకే దిగిందని అనను. కాకికి ఆకలేసి ఉంటుంది. నేను సైన్సు చదువుకున్నవాడిని. కానీ దిగినప్పుడు నా గుండె మీది నుంచి బండ తీసినట్టైంది. అది కూడా నిజమే.

ఆ సాయంత్రం ఆఖరి రిపోర్టు పంపాను. 'ఇతర వివరాలు' అనే గడిని మూడేళ్లూ ఖాళీగా వదిలేశాను. ఆ రోజు అందులో 'మూడవ రోజున పిట్ట ముట్టినది' అని రాశాను. ఎందుకు రాశానంటే చెప్పలేను. మేకలు బతికున్నంతకాలం మా కాగితాల మీద ఒక్క ప్రశ్న కూడా వేయని పైవాళ్లు ఈసారి పదిహేను రోజుల్లో మెమో పంపారు. సదరు పక్షి ఏ జాతిది? పూడ్చిన కళేబరాలు పక్షికి అందేలా ఎందుకు ఉంచారు? సంజాయిషీ ఇవ్వగలరు. నేను జవాబు రాశాను: పక్షి కాకి. తిన్నది అన్నం, బెల్లం. పక్షికి కలిగిన బాధ: లేదు. నా సర్వీసులో ఆ గడిని కళ్లతో చూసి నింపింది అదొక్కసారే.

కొన్నేళ్లు గడిచాయి. ఇక కొద్ది నెలల్లో రిటైరవుతాననగా ఒకనాడు బోధన్ బస్టాండులో వెనుక నుంచి పిలుపు.

"డాక్టర్ సాబ్!"

ఆమే. జుట్టు నెరిసింది, మనిషి మాత్రం అలాగే ఉంది. తమ్ముడి సంగతి ఎత్తకుండా, ఎటు పోతున్నావని అడిగాను. తనే చెప్పింది.

"బతికిండు సార్! మందొచ్చింది. హైదరాబాద్ దవాఖానల సూదేస్తున్నరు. ఇప్పుడు నడుస్తుండు."

ఆ మందు గురించి నేను చదివాను. మేకలూ వద్దు, పాలూ వద్దు. పెద్ద పెద్ద పాత్రల్లో కణాలను పెంచి వాటితో తయారు చేయిస్తున్నారు. ఆ కణాలను మొదట చిట్టెలుక నుంచి తీశారని ఆమెకు చెప్పలేదు. చెబితే దానికీ పిట్టకు పెట్టాలంటుంది.

"మంచి మాట చెప్పినవక్కా," అన్నాను.

"మాట మంచిదే సార్. మరి మందొచ్చింది గద, మొక్కు తీర్చాలె. కరెంటేది?"

వేరే పోతును నేను కొనిస్తానన్నాను. "మొక్కింది దాన్ని. మనిషిదున్నా, మట్టిల కలిసినంక పోచమ్మకు అడ్డమేంది?" అంది. బస్సు ఎక్కబోయినవాడిని ఆమె వెంట నడిచాను.

షెడ్డు లేదు. కంచె లేదు. అంతా చెరుకే. ఎవరో రైతు కౌలుకు తీసుకుని దున్నేశాడు. గుంత ఎక్కడో నాకు గుర్తుపట్టడం చేతకాలేదు. ఆమె నేరుగా ఒక మూలకు పోయి నిలబడింది. అక్కడి చెరుకు మిగతా చేను కంటే జానెడు ఎత్తు పెరిగింది. నాకు నవ్వొచ్చింది. ఎవరూ తినకూడదని, నోటి దగ్గరికి పోకూడదని మేం అన్ని సంతకాలు పెట్టాం. ఇన్నేళ్లుగా ఈ చెరుకు బండ్ల మీద ఫ్యాక్టరీకి పోతోంది. నేనూ, వ్యాపారీ, డైరెక్టరూ, బహుశా ఆ మెమో రాసినాయనా రోజూ టీలో వేసుకుంటున్నాం.

గట్టు మీద రైతును అడిగి ఆమె ఒక గడ కొట్టింది. ఆకు ఒలిచి, దాని మొదలు దగ్గర ఎడమవైపున కొడవలితో చిన్న గాటు పెట్టింది. చేను పక్కనున్న పోచమ్మ గద్దె ముందు ఉంచి, పసుపు రాసి, దండం పెట్టుకుంది. ఏమని చెప్పుకుందో నాకు వినపడలేదు. తర్వాత మోకాలికి ఆనించి గడను విరిచి, ఒక ముక్క నా చేతికిచ్చింది, ఒకటి తమ్ముడి కోసం కొంగులో కట్టుకుంది.

"గిది తినొచ్చా సార్?" అని అడిగింది. "తమ్మునికి పెడ్త. గీసారి సూసి చెప్పుండ్రి."

ఫారం లేదు, కమిటీ లేదు. ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాను. తలెత్తి ఆమె ముఖం చూశాను. తినొచ్చక్కా అని చెప్పి, ముందు నేనే కొరికాను.